వాడుక కరెక్టే

నేనిప్పుడు ఇంగ్లీషు టీచర్ని. పిల్లలు ఏ మాట పట్టుకొచ్చి అర్థం అడిగినా విసుక్కోకుండా చెబుతాను. ఒక్క మాటకి మాత్రం చెప్పను. డిక్షనరీ చూసుకోండి అని మొహం తిప్పేసుకుంటాను. మా టీచరమ్మకి ఆ మాట రాదు కాబోలు అనుకుంటారు పిల్లలు. రాకపోవడమా? అది నాకు వచ్చినంత బాగా మా జిల్లాలో ఇంకెవరికీ రాదు. తొంభై ఏడు ఎండాకాలంలో, నర్సీపట్నంలో మా ఇంటి అరుగు మీద నేర్చుకున్నాను దాన్ని. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. పద్నాలుగేళ్లకి ఏం తెలుస్తుందిలే అని మీరు అనొచ్చు. అన్నీ తెలుస్తాయండీ. తెలిసే చేశాను.

మా నాన్న నానాజీ మాస్టారంటే మా వీధిలోనే కాదు, అబీద్ సెంటర్ దాకా తెలుసు. గవర్నమెంటు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. ఎండాకాలం సెలవుల్లో పొద్దున్న ఎనిమిదింటి నుంచి పదింటి దాకా మా అరుగు మీద పిల్లలందరికీ ఊరికే పాఠం చెప్పేవారు. ఆయన పద్ధతి ఆయనది. గోడకి ఒక నల్లబోర్డు, రోజుకొక కొత్త మాట. ముందు అర్థం, తరవాత వాడుక. ఆ తరవాత ఆ మాట పెట్టి ఎవరికి వాళ్లు సొంత వాక్యం రాయాలి. పుస్తకంలో వాక్యం ఎత్తి రాస్తే ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసేవారు. మీ ఇంట్లో వాళ్లని, మీ వీధిలో వాళ్లని చూసి రాయండర్రా, అప్పుడే మాట మీ సొంతమవుతుంది అనేవారు. అన్నిటిలోకీ బాగున్న వాక్యాన్ని రాసినవాళ్లే స్టూలెక్కి బోర్డు మీద రాయాలి. నాన్న మళ్లీ కొత్త మాట రాసేదాకా దాన్ని ఎవరూ చెరపకూడదు. పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా దారిన పోయేవాళ్లంతా ఆగి చదువుకుని పోయేవారు. బోర్డెక్కడం కోసం మేం పిల్లలం ఎంత కొట్టుకునేవాళ్లమో చెప్పలేను.

ఆ ఎండాకాలం మా అరుగు మీదకి కొత్తగా ఒక పిల్ల వచ్చింది. దేవిశ్రీ. మాకు చేపలు తెచ్చే అప్పయ్యమ్మ ఆఖరి కూతురు.

అప్పయ్యమ్మది ఎస్. రాయవరం దగ్గర రేవుపోలవరం. మొగుడు ఎర్రన్న రాత్రి వేటకెళ్లి తెల్లారగట్ల తెచ్చిన చేపల్ని గంపకెత్తుకుని, బస్సు టాపు మీద వేయించి, అడ్డరోడ్డు మీదుగా ఏడున్నరకల్లా నర్సీపట్నంలో దిగేది. మొదటి ఇల్లు మాదే. నేను పుట్టినప్పుడు మా అమ్మ బాలింత పథ్యానికి సొరచేప తెచ్చిపెట్టింది ఆవిడేనట. ఆ చనువు కొద్దీ నన్ను చిన్నప్పట్నుంచీ ‘సిట్టితల్లీ’ అనేది, ‘ఏటే, ఎలాగున్నావే’ అనేది. మా అమ్మని అమ్మగారు అనేది, నాన్నని మేస్టారండీ అనేది, నన్ను మాత్రం ‘ఒసే’ అనడానికి ఆవిడకి అడ్డే లేదు.

మా ఊరి కాన్వెంటులో ప్రతి ఏడూ సముద్రం వైపు పల్లెల నుంచి ఒక్క ఆడపిల్లని ఏడో తరగతిలో చేర్చుకుని, హాస్టల్లో పెట్టి, పదో తరగతి దాకా ఊరికే చదివిస్తారు. ఒక్కటే సీటు. రాత పరీక్ష ఉంటుంది, తరవాత తల్లిదండ్రుల్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆ సీటు మీద మనసు పడింది అప్పయ్యమ్మ. ఏప్రిల్లో ఒకరోజు గంప దించి, నాన్న ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

“మేస్టారండీ, నా పెద్ద పిల్లలిద్దరూ గంపకే ఒచ్చేసేరు. ఇది ఒక్కర్తే సదువంటాది. కూసింత ఇంగ్లీసు సెప్పండి బాబూ.”

నాన్న ఒప్పుకున్నారు. ఆ మర్నాటి నుంచి తల్లితో పాటు బస్సు దిగి, గంప ఎత్తడానికి తల్లికి ఓ చెయ్యి వేసి, అరుగు మీద ఒక మూల కూర్చునేది దేవిశ్రీ. రెండు జడలు, చీమల్లాంటి సన్నటి అక్షరాలు, మాట తక్కువ. నన్ను ‘అక్కా’ అనేది. పది రోజులు తిరక్కుండా, మా బ్యాచిలో ఏడాదిగా చదువుతున్నవాళ్లని దాటేసింది. నాన్న మురిసిపోయారు. నాకు కొంచెం కళ్లు కుట్టాయి, ఆ మాటా దాచను.

ఏప్రిల్ ఆఖరి రోజుల్లో దేవిశ్రీకి జ్వరం వచ్చి రెండు రోజులు రాలేదు. ఆ మొదటిరోజే మధ్యాహ్నం మా హైమకి ఓణీలు. హైమ నా క్లాస్‌మేటు, మా వెనక వీధే, అరుగు మీద పాఠానికీ వచ్చేది. పాఠం అవగానే అట్నుంచి అటే వెళ్లిపోదామని పొద్దున్నే కొత్త పరికిణీ కట్టుకుని తయారైపోయాను. పసుపు రంగు పట్టు పరికిణీ. అమ్మ చేపలు తీసుకుని లోపలికి వెళ్లింది. గంప నేల మీద ఉంది. చెయ్యి వెయ్యడానికి కూతురు లేదు.

“సిట్టితల్లీ, మా దేవికి జొరమే. ఇలాగొచ్చి గంపకి సెయ్యెయ్యి,” అంది అప్పయ్యమ్మ.

మొహం ముడుచుకుని వెళ్లి ఓ పక్క పట్టుకున్నాను. గంప తల దాకా లేచిందో లేదో, అడుగున కరిగిన ఐసు నీళ్లు, చేపల నీళ్లు నా భుజం మీంచి పరికిణీ అంచు దాకా ఒక్కసారిగా జారాయి. సరిగ్గా అప్పుడే హైమ చుట్టాల పిల్లలిద్దర్ని వెంటబెట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది. ముగ్గురూ ముక్కు మూసుకున్నారు. నువ్వు మా ఇంటికి రాకే, మా చుట్టాలంతా విస్తళ్ల ముందు నుంచి లేచిపోతారు అంది హైమ. అప్పయ్యమ్మ గంప దించేసి, ‘అయ్యో తల్లీ’ అంటూ తన కొంగుతో తుడవబోయింది. ఆ కొంగు ఇంకా తడి. చెయ్యి విదిలించి కొట్టి లోపలికి పరిగెత్తాను. ఎన్నిసార్లు సబ్బు పెట్టి రుద్దుకున్నా వాసన వదల్లేదు, లేదా వదల్లేదని నాకనిపించింది.

ఎనిమిదింటికి పాత గౌను వేసుకుని, ఏడ్చిన కళ్లతో అరుగు మీదకొచ్చి కూర్చున్నాను. నాన్న బోర్డు మీద ఆ రోజు మాట రాశారు. స్లవెన్లీ.

“ఇది విశేషణం. మనుషులకి వాడతారు. ఒంటి మీద శ్రద్ధ లేకుండా, మురికిగా, తీరూ తెన్నూ లేకుండా ఉండే మనిషి అని. మెచ్చుకోలు కాదర్రా, తిట్టు. తిట్టే అయినా పెద్దమనిషి తిట్టు, గట్టిగా అరవక్కర్లేదు,” అన్నారు.

ఒకడు వాళ్లన్నయ్య గురించి రాశాడు, ఇంకొకడు వాళ్ల ఊరి హోటల్లో సర్వర్ గురించి రాశాడు. నేను ఆలోచించనే లేదు. పెన్ను కాగితం మీద పెట్టగానే వాక్యం దానంతటదే వచ్చేసింది. అవర్ ఫిష్ సెల్లర్ అప్పయ్యమ్మ ఈజ్ ఎ స్లవెన్లీ ఉమన్.

నాన్న నోట్సులన్నీ చూసుకుంటూ నా దాని దగ్గర ఆగారు. ఒకసారి చదివారు. మళ్లీ చదివారు. తిడతారేమో అనుకున్నాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని తలాడించారు.

“సర్వర్ గురించి రాసినవాడు విశేషణాన్ని క్రియ పక్కన పెట్టాడు. ఇదిగో, దీన్లో మాట చోటు సరిగ్గా పడింది. వాడుక కరెక్టే. రాజీ, బోర్డెక్కు.”

అంతే చూశారాయన. మాట చోటు చూశారు గాని, ఆ చోట్లో ఉన్న మనిషిని చూడలేదు. నేను స్టూలెక్కి, గుండ్రటి అక్షరాలతో రాశాను. హైమ వెనక నుంచి కిసుక్కుమంది. నా పరికిణీ అవమానం తీరిపోయిందనిపించింది.

మర్నాడు తెల్లవారుజామున నాన్న పదో తరగతి పేపర్లు దిద్దడానికి విశాఖపట్నం వెళ్లిపోయారు. పన్నెండు రోజుల క్యాంపు. నేనొచ్చేదాకా ఈ మాటే ఉంటుంది, బాగా వంటబట్టించుకోండి అని పిల్లలకి ముందురోజే చెప్పారు. దేవిశ్రీ వస్తే పాఠం నన్ను చెప్పమన్నారు. అంటే ఆ వాక్యం పన్నెండు రోజులు మా అరుగు మీద ఉంటుందన్నమాట. ఆ సంగతి నాకు ఆయన బస్సెక్కాక తట్టింది.

జ్వరం తగ్గి దేవిశ్రీ వచ్చిన రోజున హైమ ఊరుకోలేకపోయింది. అప్పయ్యమ్మా, నీ పేరు ఇంగ్లీషులో బోర్డు మీదుంది చూసుకున్నావా అని అడిగేసింది. అప్పయ్యమ్మకి తెలుగు అక్షరాలే రావు. అలాంటిది ఇంగ్లీషులో తన పేరు. గంప దించి, చేతులు కొంగుకి తుడుచుకుని, బోర్డు ముందుకొచ్చి నిలబడింది. పక్కన దేవిశ్రీ. మాట అర్థం చెప్పిన రోజున తను లేదు కదా, ఆ పిల్లా తల్లితో పాటు అలా చూస్తోంది.

“ఎవలు రాసేరే సిట్టితల్లీ?”

నేనే అన్నాను.

“ఏటని రాసేవు?”

అరుగు మీద ఆటకి చేరిన ఎనిమిది మంది పిల్లలు. అందరికీ అర్థం తెలుసు. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. మూడు రోజుల కోపం ఎటో పోయింది. అప్పుడైనా ‘తప్పు రాశాను అప్పయ్యమ్మా’ అని ఉంటే ఓ గంట తిట్టి ఊరుకునేది. నేను అనలేదు.

“మా చేపలమ్మే అప్పయ్యమ్మ చాలా దర్జా అయిన మనిషి అని రాశాను.”

అప్పయ్యమ్మ మళ్లీ బోర్డు వైపు చూసింది. తరవాత సిగ్గుపడింది. నలభై ఏళ్లు దాటిన మనిషి, కొంగు నోటికడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా సిగ్గుపడింది. దర్జా అన్న ముక్క ఎక్కడుందో చూపించమంది. చూపించాను. తన వేలు బోర్డుకి తగలకుండా, ఆ అక్షరాల కింద గాల్లో గీత గీసింది. ఎలా పలకాలో పదిసార్లు చెప్పించుకుంది. ఆవిడ నోట్లో అది ‘సలవన్లీ’ అయింది.

ఆ మర్నాటి నుంచి చూడండి. తల నున్నగా దువ్వి, కొప్పులో ఓ కనకాంబరం చెండు పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని రావడం మొదలెట్టింది. నిజానికి ఆవిడ ఎప్పుడూ మురికిగా లేదు. రోజూ బేరమయ్యాక మా పెరటి కుళాయి దగ్గర చింతపండు పెట్టి మోచేతుల దాకా తోముకునేది. నేను రోజూ చూసేదాన్నే. బోర్డు ముందు ఒక్క నిమిషం ఆగి, కొప్పు సర్దుకుని, అప్పుడు గంప ఎత్తుకునేది. వీధిలో పిల్లలకి మాత్రం ఇది ఆటైపోయింది. ఎవరొచ్చారని అడిగేవాళ్లు, సలవన్లీ అప్పయ్యమ్మొచ్చింది అనేదావిడ నవ్వుతూ. వాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. తనతో పాటు నవ్వుతున్నారనుకుని ఆవిడా నవ్వేది. నేను నవ్వలేదని చెప్పను. ఒకటి రెండుసార్లు నవ్వాను.

రెండుసార్లు తడిగుడ్డ పట్టుకుని బోర్డు దాకా వెళ్లాను కూడా. చెరిపేస్తే పొద్దున్నే ఆవిడ అడుగుతుంది. ఏమని చెప్పను? గుడ్డ ఎండేసి వచ్చేశాను.

ఒకరోజు టైగరు రొయ్యలు తెచ్చి అమ్మ చేతికిచ్చింది. అమ్మగారూ, ఇయ్యి బేరానికి కావు, మా సిట్టితల్లికి అంది. అమ్మకి ఇంగ్లీషు రాదు, నేను చెప్పిన అర్థమే విని నన్ను దగ్గరికి తీసుకుంది. పాపం ఎండనకా వాననకా తిరిగే మనిషి, ఒక్కళ్లయినా ఒక మంచి మాటన్నారా, నువ్వు రాశావు చూడు అని బుగ్గ పుణికింది. మధ్యాహ్నం రొయ్యల వేపుడు నా కంచంలో వడ్డించింది. తిన్నాను. అదీ చెప్పాలి కదా, తిన్నాను.

దేవిశ్రీకి నాన్న తన లావుపాటి డిక్షనరీ ఇంటికి తీసుకెళ్లి చదువుకోమని ముందే చెప్పి ఉంచారు. నాలుగు రోజులుంచుకుని తెచ్చిచ్చింది. లోపల పెడదామని తీస్తే, మధ్యలోంచి ఓ బస్సు టికెట్టు కొస బయటికి కనిపించింది. ఆ పేజీ తెరిచాను. టికెట్టు సరిగ్గా ఆ మాట కింద ఉంది.

తలెత్తేసరికి ఎదురుగా దేవిశ్రీ. అరుగు మీద మేమిద్దరమే ఉన్నాం.

“నాకు తెలుసక్కా,” అంది. గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది. “మా అమ్మకి నేను సెప్పలేను. ఇంటికాడ నాన్నకీ, మా అప్పలిద్దరికీ, అందరికీ సెప్పుకుంది. నువ్వు సెప్పు. కాన్వెంటుకెల్లే ముందు సెప్పేయి.”

చెబుతాను అన్నాను. అప్పుడు నిజంగానే చెబుదామనుకున్నాను.

నాన్న తిరిగొచ్చారు. వస్తూనే బోర్డు తుడిచి కొత్త మాట రాశారు. హమ్మయ్య, పోయింది అనుకున్నాను. బోర్డు మీద పోతే అప్పయ్యమ్మ నోట్లోంచి పోతుందా? రాత పరీక్షలో దేవిశ్రీకీ, యలమంచిలి వైపు నుంచి వచ్చిన ఇంకో పిల్లకీ సమానంగా మార్కులొచ్చాయి. ఇద్దరిలో ఎవరన్నది జూన్ మొదటివారం ఇంటర్వ్యూలో తేలుస్తామన్నారు. అప్పయ్యమ్మ ఒకటే సంబరం. ఆ సిస్టర్లు నన్నేటైనా అడిగితే నానూ ఓ ఇంగ్లీసు ముక్క సెప్తాను, సూస్తూండండి అంది నాన్నతో. ఏ ముక్క అని ఆయన అడగలేదు. నవ్వి ఊరుకున్నారు. దేవిశ్రీ నా వైపు చూసింది. అక్కడ తక్కువ మాట్లాడితేనే మంచిది అప్పయ్యమ్మా అన్నాను నేను. అదీ నేను చేసిన చెప్పడం. ఇంకా మూడు రోజులుంది. మొదటిరోజు ఆవిడ హడావిడిలో ఉందనుకున్నాను. రెండోరోజు అమ్మ పక్కనే ఉందనుకున్నాను. మూడోరోజు, ఆ సిస్టర్లు ఆవిణ్ని ఏమీ అడగరులే అనుకున్నాను.

ఇంటర్వ్యూకి నన్నూ రమ్మని పట్టుబట్టింది అప్పయ్యమ్మ. మా సిట్టితల్లి మొకం సూస్తే నాకు బెదురు పోతాది అంది. కాన్వెంటులో ఓ పెద్ద గది. బల్ల వెనక హెడ్ సిస్టర్, పక్కన ఓ టీచరు. అప్పయ్యమ్మ ఒంటి మీద గంజి పెట్టిన ఆకుపచ్చ చీర, కొత్త గాజులు, నుదుట రూపాయంత బొట్టు. ఆ గదిలో ఉన్న అందరికన్నా ఆవిడే శుభ్రంగా ఉంది. నాన్న, నేను గోడ వారగా నిలబడ్డాం.

దేవిశ్రీ బాగా చెప్పింది. ఊరి పేరు, తండ్రి పని, చదివించిన పేరా, అన్నీ తడుముకోకుండా చెప్పింది. హెడ్ సిస్టర్ మొహంలో ఇష్టం కనిపించింది. ఆవిడ అప్పయ్యమ్మ వైపు తిరిగి, మీరేం చేస్తారమ్మా అని అడిగింది, మర్యాదగా.

అప్పయ్యమ్మ లేచి నిలబడింది. చేతులు జోడించింది. నా వైపు ఒకసారి చూసి ధైర్యం తెచ్చుకుంది.

“ఐ ఆం సలవన్లీ ఉమన్ అండమ్మా,” అంది. “సేపలమ్ముతాను.”

పక్కన టీచరు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. హెడ్ సిస్టర్ మాత్రం నవ్వలేదు. ఈ మాట మీకెవరు నేర్పారమ్మా అంది.

“మా మేస్టారి పాపండి, అదిగో. బోర్డు మీద కూడా రాసింది. పన్నెండు రోజులుంది.”

నాన్న తల నా వైపు తిరగడం నాకు తెలిసింది. నేను నా చెప్పుల వైపు చూస్తున్నాను. హెడ్ సిస్టర్ ఈసారి దేవిశ్రీని అడిగింది.

“మీ అమ్మ చెప్పిన మాటకి అర్థం తెలుసా నీకు? చెప్పు. ఇదే ఆఖరి ప్రశ్న.”

ఆ పిల్లకి తెలుసు. అర్థం తెలుసు, వాడుక తెలుసు, అది ఏ పేజీలో ఉందో కూడా తెలుసు. తల్లి పక్క నుంచి కళ్లతో ఉత్సాహపరుస్తోంది. సెప్పే, దర్జా అని సెప్పేయి, అని గొణుగుతోంది.

ఆ గదిలో నేను ఒక్క మాటంటే చాలు. తప్పు నాది, అర్థం నేనే తిప్పి చెప్పాను, ఈ పిల్లకి అసలు అర్థం తెలుసు అని. అంతే. నోరు తెరిచాను కూడా. మళ్లీ మూసుకుని చెప్పుల వైపే చూశాను.

దేవిశ్రీ నా కోసం ఒక్క క్షణం ఆగింది. తరవాత సిస్టర్ వైపు తిరిగింది.

“దర్జా అయిన మనిషి అనండి,” అంది.

హెడ్ సిస్టర్ కాగితం మీద ఏదో రాసుకుంది. తెలియని మాటని తెలిసినట్టు చెప్పకూడదమ్మా అని మెల్లిగా అంది. అప్పయ్యమ్మకి ఆ మాట వినపడలేదు. కూతురు సరిగ్గా చెప్పిందన్న సంతోషంలో ఉంది. బయటికొచ్చి గేటు దగ్గర దాని తల నిమిరి, మెటికలు విరిచింది.

నాలుగోరోజు గేటుకి కాగితం అంటించారు. యలమంచిలి వైపు పిల్ల పేరుంది. ఆ ఒక్క జవాబు వల్లే అని ఎవరూ అనలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు. నాన్న ఒక్కరే కాన్వెంటుకెళ్లి హెడ్ సిస్టర్‌ని కలిసి, జరిగిందంతా చెప్పి వచ్చారు. సీటు ఇచ్చేశాం మాస్టారూ, ఆ పిల్ల సామాన్లు కూడా వచ్చేశాయి అందట ఆవిడ. నాన్న నన్ను కొట్టలేదు. తిట్టనూ లేదు. ఆ సాయంత్రం మేకులు పీకి, బోర్డు దించి, పెరట్లో గోడకి తిప్పి ఆనించారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

“ఆ వాక్యం రెండుసార్లు చదివానే నేను,” అన్నారు. “వాడుక కరెక్టే అన్నాను.”

అంతకు మించి ఎప్పుడూ మాట్లాడలేదాయన. ఆ తరవాత మా అరుగు మీద పాఠం సాగలేదు.

దేవిశ్రీని ఎస్. రాయవరం హైస్కూల్లో వేశారు. రోజూ బస్సు మీద వెళ్లి వచ్చేదట. మా ఇంటికి మళ్లీ రాలేదు. సీటు రాలేదని అప్పయ్యమ్మ వారం రోజులు కనపడలేదు. తరవాత మామూలుగా వచ్చింది. నన్నే ఓదార్చింది. ఏటే అలాగైపోయేవు, రాత లేదు దానికి, నువ్వేం జేస్తావు అంది. కొప్పులో ఇంకా కనకాంబరాలున్నాయి. పక్కింటావిడ ఎవరొచ్చారంటే, మళ్లీ అదే మాట చెప్పింది.

అది వినేసరికి ఇంక నా వల్ల కాలేదు. అమ్మ చేపలు కడగడానికి పెరట్లోకెళ్లింది. అప్పయ్యమ్మ మెట్టు మీద కూర్చుని కత్తిపీట తుడుస్తోంది. ఎదురుగా కూర్చుని చెప్పేశాను. ఆ మాటకి అర్థం దర్జా కాదు అప్పయ్యమ్మా అన్నాను.

“మరేటి?”

చెప్పాను. మురికి మనిషి అని, తీరూ తెన్నూ లేని మనిషి అని, అచ్చ తెలుగులో. పరికిణీ మీద నీళ్లు పడ్డాయని కోపంతో రాశానన్నాను. ఏడుపొచ్చింది. ఆవిడ నన్ను ఓదార్చలేదు. కత్తిపీట తుడుస్తూనే ఉంది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

“బోర్డు మీద రాసింది అదేనా?”

“అదే.”

“మేస్టారు సూసేరా?”

చూశారన్నాను. ఆవిడ చేతులు ఆగాయి.

“మా దేవికి తెలుసా?”

తెలీదని చెబితే ఆవిడకి ఆ ఒక్కటైనా మిగిలేది. కాని అబద్ధాలు చెప్పి చెప్పి అలిసిపోయి ఉన్నాను.

“తెలుసు. మొదట్నుంచీ తెలుసు.”

ఆవిడ వీధి వైపు చూస్తూ కూర్చుంది. ఆ గదిలో కూతురు ఎందుకలా చెప్పిందో ఆవిడకి ఇప్పుడు అర్థమవుతోంది, ఒక్కో ముక్కా. నాకు ఆ మొహం చూడాలనిపించలేదు. చూశాను. తరవాత కొప్పులోంచి చెండు తీసి, గంపలో ఓ పక్కన పడేసి, చేపల మీద తడిగుడ్డ కప్పింది. గుడ్డ చుట్ట తల మీద పెట్టుకుంది. నేను గబుక్కున లేచి గంపకి చెయ్యి వెయ్యబోయాను.

“ఒద్దండమ్మా,” అంది అప్పయ్యమ్మ. “మీ సేతులు నీసుకంపు కొడతాయి.”

కోపంగా అనలేదు, వెటకారంగానూ అనలేదు. ఇంకెవరితోనో అన్నట్టు మామూలుగా అంది. పుట్టిన నాటి నుంచి ఆవిడ నోట నన్ను ‘మీరు’ అనడం అదే మొదటిసారి. గంపని మెట్టు అంచు దాకా జరుపుకుని, కింద కూర్చుని, తల ఆనించి, గోడ పట్టుకుని ఒక్కర్తే లేచింది. నీళ్లు ఆవిడ భుజం మీంచి కారాయి.

ఆ తరవాత ఎనిమిదేళ్లు, నా పెళ్లయ్యేదాకా, మా ఇంటికి అప్పయ్యమ్మే చేపలు తెచ్చింది. ఏవండమ్మా బాగున్నారా అని రోజూ పలకరించేది. గంపకి చెయ్యి వెయ్యమని మాత్రం ఒక్కరోజూ అడగలేదు.